ఒకే బ్రెడ్డు పిండితో పావ్, పిజ్జా, బన్ను, దిల్‌పసంద్: తేడా అంతా వేడిలోనే

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. అర కిలో మైదాతో మిల్క్ బ్రెడ్డు చక్కగా వస్తోందన్నారు. అదే పిండితో పావ్ చేస్తే పైన గట్టిపడి లోపల ఎండిపోయిందనీ, పిజ్జా చేస్తే బన్నులా ఉబ్బి మెత్తగా వచ్చిందనీ రాశారు. ఒక్కోదానికి ఒక్కో కొలత వెతుక్కోవాలా, లేక ఒకే పిండితో అన్నీ చేసుకోవచ్చా అన్నది మీ సందేహం. కొలతలు మార్చక్కర్లేదండీ. మీ పిండిలో తప్పేమీ లేదు. పావ్ పాడైంది ఓవెన్‌లో, పిజ్జా పాడైంది బల్ల మీద. ఈ రెండు చోట్లా ఏం జరిగిందో తెలిస్తే, ఇప్పుడు మీ చేతిలో ఉన్న పిండితోనే ఆరేడు రకాలు చేసుకోవచ్చు.

నేను పందొమ్మిదేళ్ల వయసులో సికింద్రాబాద్‌లో ఒక బేకరీలో చేరాను. కట్టెల భట్టీ ఉండేది. పదకొండేళ్లు అక్కడ పనిచేసి, ఇప్పుడు రాజమండ్రిలో సొంతంగా చిన్న యూనిట్ నడుపుతున్నాను. ఆ భట్టీ దగ్గర రోజూ రాత్రి రెండు గంటలకు మిక్సర్‌లో ఒకే పిండి పడేది. అర మూట మైదా, అంటే 25 కిలోలు. పావ్, బ్రెడ్డు, బన్నులు, కొబ్బరి నింపిన దిల్‌పసంద్, చివరికి రస్కు, అన్నీ అందులోంచే. భట్టీలో కట్టెలు కాలి, నిప్పులు పక్కకు లాగి, నేల తుడిచాక వేడి మంచి ఉధృతంగా ఉంటుంది. అప్పుడు మొదట పావ్ ట్రేలు వెళ్లేవి. కాస్త తగ్గాక బ్రెడ్డు టిన్నులు. ఇంకా తగ్గాక దిల్‌పసంద్. తెల్లారి భట్టీ చల్లారుతుండగా, ముందురోజు బ్రెడ్డు ముక్కలు కోసి రస్కుకి పెట్టేవాళ్లు. మా మాస్టరు ఏనాడూ థర్మామీటరు పట్టలేదు. పిడికెడు పిండి భట్టీ నేల మీద చల్లి, అది ఎంతసేపట్లో ఎర్రబడుతుందో చూసి ట్రే లోపలికి తోసేవాడు.

ఒకే పిండి, దిగుతున్న వేడి. మీకు నేను చెప్పదలచుకున్నది కూడా ఇదే. రకం మారినప్పుడు మారాల్సినవి ముద్ద బరువు, మందం, ఆకారం ఇచ్చాక రెండోసారి ఎంత పొంగనిస్తాం, ఎంత వేడిలో ఎంతసేపు ఉంచుతాం అన్న నాలుగే. పంచదార, వెన్న, నీళ్లు చాలావరకు అలాగే ఉండొచ్చు.

ముందు పిండి సంగతి. నేను ఇంట్లో చేసుకునేవాళ్లకి చెప్పే కొలత ఇది: మైదా 500 గ్రాములు, నీళ్లు 310, పంచదార 30, వెన్న 30, పాలపొడి 20, ఉప్పు 9, ఇన్‌స్టంట్ ఈస్టు 5 గ్రాములు. అన్నీ కలిపితే సుమారు 900 గ్రాముల ముద్ద. బేకరీల్లో ఎప్పుడూ మైదాని వందగా పెట్టుకుని మిగతావి లెక్కేస్తాం: నీళ్లు 62, పంచదార 6, వెన్న 6, పాలపొడి 4, ఉప్పు ఇంచుమించు 2, ఈస్టు 1. ఇలా గుర్తుపెట్టుకుంటే పావుకిలోకైనా, పది కిలోలకైనా కాగితం అవసరం లేదు. పాలపొడి లేకపోతే నీళ్ల బదులు 350 గ్రాముల పాలు పోయండి. పాలలో నీటి భాగం నూటికి 87, 88 మాత్రమే కాబట్టి ఆ కొంచెం ఎక్కువ పడుతుంది. కప్పులు, చెంచాలు వద్దు. మైదా కప్పులో వదులుగా పోస్తే ఒక బరువు, నొక్కి పోస్తే ఇంకో బరువు. మూడు నాలుగు వందల రూపాయల వంటింటి త్రాసు కొనుక్కుంటే సగం కష్టాలు తీరతాయి.

ఈ కొలత ఎందుకంటే ఇది మధ్యస్థంగా ఉంటుంది. పంచదార నూటికి 6 ఉంటే పావ్ తియ్యగా అనిపించదు, బన్ను చప్పగానూ ఉండదు. వెన్న 6 ఉంటే రెండో రోజుకి కూడా మెత్తగా ఉంటుంది, కానీ పిండి సాగుడు దెబ్బతినదు. పంచదార 10 దాటితే ఈస్టు నెమ్మదిస్తుంది, ఎందుకంటే ఈస్టుకి కావాల్సిన నీటిని పంచదార పట్టేసుకుంటుంది. వెన్న మరీ ఎక్కువైతే మైదాలో సాగే గుణం ఇచ్చే గ్లూటెన్ పోగుల చుట్టూ కొవ్వు చేరి, అవి ఒకదానికొకటి అల్లుకోవు. అందుకే నేను వెన్నని మొదట్లో వేయను. మిగతావన్నీ కలిపి ఓ ఐదారు నిమిషాలు పిసికాక, ముద్ద నునుపు తేలడం మొదలైనప్పుడు కొంచెం కొంచెంగా చేరుస్తాను. వెన్న వేయగానే పిండి జారిపోయి, పాడైపోయినట్టు కనిపిస్తుంది. అక్కడ భయపడి పొడి మైదా చల్లకండి. ఇంకో ఐదు నిమిషాలు పిసికితే మళ్లీ దగ్గరపడుతుంది.

చేత్తో అయితే మొత్తం పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు పిసకాలి. చాలిందో లేదో గడియారం చెప్పదు. నిమ్మకాయంత ముద్ద తుంచి, రెండు చేతుల వేళ్లతో నాలుగు వైపులా నెమ్మదిగా సాగదీయండి. పల్చటి పొరలా సాగి, దాని వెనక వేలు నీడ కనిపిస్తే చాలింది. ముందే చిరిగి, చిరిగిన అంచు గరుగ్గా ఉంటే ఇంకో మూడు నిమిషాలు పిసకండి. మన మైదాలన్నీ ఒకే రకంగా ఉండవు. కొన్ని 310 నీళ్లకే జారిపోతాయి, కొన్ని 325 కూడా తాగుతాయి. కాబట్టి మొదట 300 పోసి, మిగతా పది గ్రాములు పిండిని చూసి పోయడం మంచిది. ముద్ద చేతికి తగలాలి కానీ అంటుకుని వేలాడకూడదు.

ఇక్కడ మన ఎండల సంగతి చెప్పాలి. విదేశీ వీడియోల్లో గోరువెచ్చని నీళ్లు పోయమంటారు. వాళ్ల వంటిల్లు 20 డిగ్రీలు ఉంటుంది. మే నెలలో మన వంటిల్లు 38 ఉంటుంది, డబ్బాలో మైదా కూడా 36 దగ్గర ఉంటుంది. పిసికిన ముద్ద 26, 27 డిగ్రీల దగ్గర ఉంటే పొంగు నిదానంగా, రుచిగా వస్తుంది. దానికి బేకరీ లెక్క ఒకటుంది. 27ని మూడుతో గుణించి, వచ్చిన 81లోంచి గది వేడి, మైదా వేడి తీసేయాలి. పైన చెప్పిన లెక్క ప్రకారం 81లోంచి 74 పోతే 7. అంటే నీళ్లు 7 డిగ్రీలు ఉండాలి, ఫ్రిజ్‌లోంచి తీసినవి, అవసరమైతే ఓ ఐస్ ముక్క వేసినవి. పిసికేటప్పుడు రాపిడికి వేడి ఇంకాస్త పెరుగుతుంది, కాబట్టి చల్లగా ఉన్నా నష్టం లేదు. వేసవిలో పుల్లటి వాసన వస్తోందనీ, ఓవెన్‌లో పెట్టగానే కూలిపోతోందనీ చాలామంది చెబుతారు. అందులో ఎక్కువ భాగం ఈ వేడి వల్లే. జనవరిలో అయితే గోరువెచ్చగా పోసుకోవచ్చు, కానీ చెయ్యి కాలేంత వేడి మాత్రం వద్దు. 55, 60 డిగ్రీలు తగిలితే ఈస్టు చచ్చిపోతుంది.

ముద్దని నూనె రాసిన గిన్నెలో మూత పెట్టి రెట్టింపు అయ్యేదాకా వదిలేయండి. వేసవిలో నలభై నిమిషాలు, చలికాలంలో గంటన్నర. ఇక్కడి వరకూ అన్ని రకాలకీ ఒకటే దారి. ఇక్కడినుంచే విడిపోతాయి.

అన్నిటికంటే ఎక్కువ వేడి కోరేది పిజ్జా, దాంతో మొదలుపెడతాను. మీది ఉబ్బింది ఎందుకంటే, మీరు రాసినదాన్ని బట్టి పిండిని చపాతీలా వత్తి ట్రేలో అరగంట వదిలేశారు, తర్వాత 180 డిగ్రీల్లో పాతిక నిమిషాలు పెట్టారు. బన్నుకి మనం సరిగ్గా అదే చేస్తాం. పిజ్జాకి రెండో పొంగు దాదాపు అక్కర్లేదు. 220 గ్రాముల ముద్ద తీసుకుని, పది నిమిషాలు సేద తీరనిచ్చి, పది అంగుళాల వెడల్పు వత్తి, వెంటనే పైన సాస్, చీజ్ వేసి ఓవెన్‌లోకి తోసేయాలి. ఓవెన్ ఎంత పైకి వెళ్తే అంత, ఇళ్లలో వాడే ఓటీజీల్లో, అంటే చిన్న కరెంటు ఓవెన్లలో, సాధారణంగా 250 వరకూ ఉంటుంది. ముందు అరగంట కాలనివ్వాలి. ట్రేని ముందే లోపల పెట్టి వేడెక్కించి, దాని మీదికి పిజ్జాని జార్చాలి. చల్లటి ట్రే మీద పెడితే అడుగు ఉడుకుతుంది తప్ప కాలదు. ఎనిమిది, పది నిమిషాల్లో అయిపోవాలి.

ట్రే ఎంత కాల్చినా మీ ఓవెన్ చాలడం లేదనుకుంటే ఇనప పెనం వాడండి, మా ఇంట్లో ఇప్పటికీ అలాగే చేస్తాం. దోసెల పెనం బాగా కాల్చి, వత్తిన పిండి దాని మీద వేసి, అడుగున గోధుమ రంగు మచ్చలు పడేదాకా రెండు నిమిషాలు ఉంచాలి. ఆ కాలిన వైపే కిందకి ఉంచి, పైన సాస్, చీజ్ వేసి, ఓవెన్‌లో పై కడ్డీలు మాత్రమే వెలిగించి నాలుగైదు నిమిషాలు పెట్టాలి. అడుగు కరకరలాడుతుంది.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఈ పిండితో వచ్చేది మన బేకరీ తరహా పిజ్జా. ఇటలీలోని నేపుల్స్ పిజ్జా కాదు, కానక్కర్లేదు కూడా. అక్కడి పిండిలో మైదా, నీళ్లు, ఉప్పు, ఈస్టు తప్ప పంచదారా వెన్నా ఉండవు. వాళ్ల కట్టెల పొయ్యి 430 నుంచి 480 డిగ్రీల మధ్య ఉంటుంది, పిజ్జా నిమిషం, నిమిషంన్నరలో బయటికొస్తుంది. ఆ వేడిలో పంచదార ఉన్న పిండి పెడితే మాడి నల్లబడుతుంది. మన 250 డిగ్రీల్లో వాళ్ల పిండి పెడితే ఎర్రబడేలోగా ఎండిపోయి అప్పడంలా అవుతుంది. ఇంటి ఓవెన్‌కి కొంచెం పంచదార, కొంచెం కొవ్వు ఉన్న పిండే నయం, త్వరగా రంగు వస్తుంది. కాబట్టి పిజ్జా కోసం మీ పిండి మార్చకండి.

ఇక పావ్. దీని గురించి ఎక్కువ రాస్తాను, ఎందుకంటే నన్ను ఎక్కువమంది అడిగేది ఇదే. పావ్ అన్న మాట పోర్చుగీసు వాళ్ల నుంచి వచ్చింది, వాళ్ల భాషలో రొట్టెని పావ్ అనే అంటారు. గోవా మీదుగా బొంబాయి చేరి, అక్కడినుంచి మన మిర్చి బండ్ల పక్కన పావ్‌భాజీ బండ్ల దాకా వచ్చింది. మెత్తగా, తుంచితే పక్కలు దూదిలా పోగులుగా విడిపోవడం దాని గుణం. మీరు 180 డిగ్రీల్లో అరగంట ఉంచారు. బ్రెడ్డుకి అది సరిపోతుంది, ఎందుకంటే 450 గ్రాముల ముద్ద మధ్యకి వేడి చేరడానికి అంతసేపు పడుతుంది. 50 గ్రాముల ఉండలో మధ్యకి వేడి పది నిమిషాల్లో చేరిపోతుంది. మిగతా ఇరవై నిమిషాలూ అందులో జరిగేది ఒక్కటే, తడి ఆవిరైపోవడం. మీ పావ్ ఎండిపోయింది అందుకే. చిన్నదానికి ఎప్పుడూ ఎక్కువ వేడి, తక్కువ సేపు. 200 డిగ్రీలు, పదిహేను నుంచి పద్దెనిమిది నిమిషాలు. లోపల పూర్తిగా ఉడికి, తడి పోకముందే బయటికి రావాలి.

రెండోది అమరిక. మీరు ఉండల మధ్య రెండంగుళాల ఖాళీ వదిలారన్నారు. అలా వదిలితే ప్రతి ఉండకీ చుట్టూ గాలి తగిలి చుట్టూ పెచ్చు కడుతుంది, అది బన్ను. పావ్‌కి వేలంత సందు చాలు. ఎనిమిదంగుళాల చదరపు ట్రేలో మూడు వరసల్లో తొమ్మిది ఉండలు పెట్టండి. పొంగినప్పుడు ఒకదాన్నొకటి ఒత్తుకుని, పక్కకి పోలేక పైకి లేస్తాయి. ఒకదానికొకటి తగిలిన చోట పెచ్చు ఉండదు, తుంచినప్పుడు మెత్తటి పోగులు కనిపించేది అక్కడే.

ఉండ చుట్టడం కూడా చెబుతాను, చూసి నేర్చుకునే పని అయినా. 50 గ్రాముల ముక్కని కొంచెం నొక్కి గాలి తీసి, అంచుల్ని మధ్యకి లాగి చిటికెలా మూసి, మూసిన వైపు కిందకి పెట్టండి. అరచేతిని గిన్నెలా బోర్లించి, చిటికెన వేలు అంచు బల్లకి తగిలేలా, గుండ్రంగా తిప్పండి. బల్ల మీద పొడి పిండి ఉండకూడదు. పిండి అడుగు బల్లకి కొంచెం పట్టుకోవాలి, అప్పుడే పై చర్మం బిగుసుకుంటుంది. ఏడెనిమిది చుట్లలో ఉండ నున్నగా, వేలితో తట్టితే చిన్న బెలూన్‌లా బిగువుగా అనిపిస్తుంది. ఈ బిగువే లోపల పుట్టే గాలిని పట్టి ఉంచి, ఉండని పైకి లేపుతుంది. వదులుగా చుట్టిన ఉండ పొంగకపోదు, పక్కలకి పరుచుకుంటుంది.

రెండో పొంగు ఎంతవరకు? వేలిని తడి చేసి ఉండ పక్కన నెమ్మదిగా నొక్కండి. గుంట వెంటనే పూడిపోతే ఇంకా టైం ఉంది. గుంట అలాగే ఉండిపోతే ఆలస్యమైంది, వెంటనే ఓవెన్‌లో పెట్టేయండి. నెమ్మదిగా, సగం వరకూ పూడితే సరిగ్గా అయింది. పెట్టే ముందు పాలు రాసి, తీసిన వెంటనే వేడి మీదే వెన్న రాసి, తడి పిండిన పల్చటి గుడ్డ కప్పండి. లోపలి ఆవిరి బయటికి వస్తూ పై పెచ్చుని మెత్తబరుస్తుంది. ఈ గుడ్డ కప్పడం మానేసి, పావ్ గట్టిగా వస్తోందని బాధపడేవాళ్లు చాలామంది ఉన్నారు. పది నిమిషాల పని అది, దయచేసి వదలకండి.

బ్రెడ్డు మీకు వస్తోంది కాబట్టి దాని మీద ఎక్కువ చెప్పను. 190 డిగ్రీల్లో ముప్ఫై నుంచి ముప్ఫై ఐదు నిమిషాలు. ముద్ద టిన్నులో సగానికి కొంచెం తక్కువ ఉండేలా చూసుకుని, పై అంచుకి వేలు మందం కిందికి పొంగగానే ఓవెన్‌లో పెట్టండి. లోపల గుచ్చే థర్మామీటరు ఉంటే మధ్యలో 93, 94 చూపించాలి. వేడి మీద కోయకండి, లోపల పిండి పదార్థం ఇంకా గట్టిపడుతూనే ఉంటుంది, కత్తికి జిగురు అంటుకుంటుంది.

బన్నులకి ఒక కిటుకు ఉంది. ఇదే పిండిలో సగం, అంటే 450 గ్రాములు, మొదటి పొంగు అయ్యాక పక్కకి తీసి, అందులో పొడి చేసిన పంచదార 20 గ్రాములు, వెన్న 20 గ్రాములు వేసి మళ్లీ ఐదు నిమిషాలు పిసకండి. మా బేకరీలో రోజూ జరిగింది ఇదే. బ్రెడ్డుకి, పావ్‌కి కావాల్సిన పిండి తీసుకుని, మిక్సర్‌లో మిగిలినదాంట్లో పంచదార, వనస్పతి వేసి మళ్లీ తిప్పేవాళ్లు. అది తీపి పిండి. నేను చేరిన కొత్తల్లో ఒకరోజు ఆ తీయడం మరచి మొత్తం పిండిలో పంచదార పోసేశాను. ఆ రాత్రి బ్రెడ్డు టిన్నులన్నీ పైన ముదురు గోధుమ రంగుకి తిరిగి, లోపల పచ్చిగా ఉండిపోయాయి. మాస్టరు తిట్టలేదు. ఒక ముక్క విరిచి నా చేతిలో పెట్టి వాసన చూడమన్నాడు. పంచదార ఎక్కువైతే రంగు ముందే వస్తుంది, ఉడకడం వెనకబడుతుంది. ఆ వాసన ఇప్పటికీ గుర్తుంది. అందుకే తీపి పిండితో చేసేవన్నీ తక్కువ వేడిలో, చిన్న సైజులో. బన్నులు 60 గ్రాములవి, ఈసారి ఎడంగా పెట్టి, 180 డిగ్రీల్లో పద్దెనిమిది నిమిషాలు. ఈస్టు నెమ్మదిస్తుంది కాబట్టి రెండో పొంగుకి గంటకి బదులు గంటన్నర ఇవ్వండి. మధ్యలో చీల్చి క్రీమ్ నింపితే క్రీమ్ బన్ను, వెన్న దట్టంగా పూసి ఇరానీ చాయ్‌తో ఇస్తే బన్ మస్కా.

దిల్‌పసంద్ కూడా ఈ తీపి పిండితోనే. హైదరాబాద్‌లో, మన ఊళ్లలోని బెంగుళూరు అయ్యంగార్ బేకరీల్లో గుండ్రంగా, ముక్కలుగా కోసి అమ్మేది. పల్చగా వత్తిన రెండు చక్రాల మధ్య ఎండు కొబ్బరి తురుము, టూటీ ఫ్రూటీ, పంచదార, యాలకుల పొడి, కొంచెం వెన్న. ఒక్కో చక్రం 200 గ్రాములు, ఎనిమిదంగుళాలు. కింది చక్రం అంచుకి అంగుళం వదిలి నింపి, అంచు తడి చేసి, పైది మూసి గట్టిగా నొక్కాలి. అసలు పొరపాటు ఇక్కడ జరుగుతుంది. నింపిన దాంట్లోంచి ఆవిరి పుట్టి పై చక్రాన్ని పూరీలా లేపేస్తుంది, చల్లారాక మధ్యలో ఖాళీ మిగిలి, కోస్తే కొబ్బరి అంతా రాలిపోతుంది. కాబట్టి పైన ఫోర్కుతో పది పదిహేను చోట్ల అడుగుదాకా దిగేలా గుచ్చండి, రెండో పొంగు కూడా ఇరవై నిమిషాలకి మించి ఇవ్వకండి. కొబ్బరి మరీ పొడిగా ఉంటే రెండు చెంచాల పాలు చల్లి కలపండి. 180 డిగ్రీలు, పాతిక నిమిషాలు.

ఖారా బన్ను అడిగారు కాదు గానీ, ఈ పిండి ఉంటే అది చేయకుండా ఉండలేం. పచ్చిమిర్చి, ఉల్లి, కరివేపాకు, కొత్తిమీర, జీలకర్ర. పచ్చి ఉల్లిపాయ నేరుగా కలిపితే ఉప్పు తగిలి నీరు వదిలి పిండి జారిపోతుంది. చెంచా నూనెలో మగ్గించి, పూర్తిగా చల్లార్చి, మొదటి పొంగు తర్వాత కలపండి. తీపి పిండి కాదు, అసలు పిండితో. మిగతాదంతా బన్ను లాగే.

చివర్లో రస్కు, భట్టీ చల్లారే వేళ చేసేది. ఒకరోజు వయసున్న బ్రెడ్డు కావాలి, తాజాది కోస్తే చిందరవందరవుతుంది. అర అంగుళం ముక్కలు కోసి, 150 డిగ్రీల్లో ముప్ఫై, నలభై నిమిషాలు, మధ్యలో ఒకసారి తిప్పి. ఓవెన్ ఆపేశాక తలుపు కొంచెం తెరిచి లోపలే చల్లారనివ్వండి, అప్పుడు మధ్యలో తడి మిగలదు. రస్కు కోసమే చేస్తే బ్రెడ్డు పిండిలో సోంపు గానీ యాలకులు గానీ వేసుకోండి.

ఇక ఈ పిండిని ఎక్కడ వాడకూడదో కూడా చెప్పాలి. ఎగ్ పఫ్, కర్రీ పఫ్ దీంతో రావు. వాటిలో ఈస్టే ఉండదు, పిండి పొరల మధ్య కొవ్వు పరిచి మడతలు వేసి చేస్తారు, పొరలు విడగొట్టేది ఆవిరి. పొరలు పొరలుగా ఉండే క్రోసాంకి ఈస్టు ఉన్నా మడతలు కావాలి. ఫ్రెంచి వాళ్ల బాగెట్‌లా పెళపెళలాడే పెచ్చు కావాలంటే పాలు, వెన్న, పంచదార లేని పిండి, ఓవెన్‌లో ఆవిరి కావాలి. మన పిండిలో ఉన్నవన్నీ పెచ్చుని మెత్తబరిచేవే. మైదాలో సగం బరువుకి వెన్న పడే బ్రియోష్ కూడా వేరే పని. వీటికోసం మాత్రం వేరే కొలత వెతుక్కోండి, ఇదే పిండిని అటూ ఇటూ లాగొద్దు. గోధుమపిండి వాడాలనుకుంటే సగానికి సగం వరకూ వేయొచ్చు, పాతిక గ్రాముల నీళ్లు ఎక్కువ పోసి కలిపి అరగంట నాననిచ్చి పిసకండి. పొంగు కొంచెం తగ్గుతుంది, గోధుమలోని పొట్టు గ్లూటెన్ పోగుల్ని తెంపుతుంది.

ఇంప్రూవర్, అంటే బ్రెడ్డు బాగా పొంగడానికి బేకరీలు పిండిలో కలిపే పొడి, వేయాలా అని మీరు చివర్లో అడిగారు. ఇంట్లో అక్కర్లేదు. బేకరీలు పొటాషియం బ్రోమేట్ వాడే రోజులుండేవి, 2016లో మన దేశంలో దాన్ని నిషేధించారు. బాగా పిసికి, టైం ఇస్తే చాలు.

రోజూ పిసకడం కష్టం కాబట్టి మీరు శనివారం సాయంత్రం కిలో మైదాతో ఒకేసారి కలిపేయండి, ఈస్టు మాత్రం 10 గ్రాములకి బదులు 6 వేయండి. అరగంట బయట ఉంచి, నూనె రాసిన రెండు డబ్బాల్లో పెట్టి ఫ్రిజ్‌లోకి. డబ్బా సగానికి మించి నింపొద్దు. 4 డిగ్రీల దగ్గర ఈస్టు దాదాపు నిద్రపోతుంది, నెమ్మదిగా పనిచేసే ఆ రాత్రిలో రుచి పెరుగుతుంది. ఆదివారం పొద్దున ఒక డబ్బా తీసి పావ్ చేయండి, ముద్ద చల్లగా ఉంటుంది కాబట్టి రెండో పొంగు గంటంబావు దాకా పడుతుంది. సాయంత్రం రెండో డబ్బాలోంచి రెండు పిజ్జాలు, మిగిలినదాంతో బ్రెడ్డు. రెండు రోజులకి మించి ఉంచితే పులుపు తేలి, సాగుడు పోతుంది. తయారైన బ్రెడ్డుని మాత్రం ఫ్రిజ్‌లో పెట్టకండి. ఆ చల్లదనంలో బయటకంటే త్వరగా గట్టిపడుతుంది. రెండు రోజుల్లో తినేస్తే డబ్బాలో బయటే, లేకపోతే ముక్కలు కోసి ఫ్రీజర్‌లో.

ఇంకొక్క విషయం. మీ ఓటీజీ డయల్ 180 చూపిస్తున్నంత మాత్రాన లోపల 180 ఉందని అనుకోకండి. నా దగ్గర పని నేర్చుకున్న ఒకావిడ ఓవెన్ 200 దగ్గర పెడితే లోపల 165 ఉండేది, ఏడాది పాటు తన చేతిదే తప్పనుకుంది. లోపల వేలాడదీసే చిన్న థర్మామీటరు కొని, మధ్య అరలో పెట్టి, ఇరవై నిమిషాలు కాల్చి చూడండి. ఆ తేడా ఎంతో కాగితం మీద రాసి ఓవెన్ మీద అంటించుకోండి. తర్వాత మొదట పావ్ చేయండి, తొమ్మిది ఉండలు, వేలంత సందు, 200 డిగ్రీలు, పదహారో నిమిషానికి తలుపు తెరవండి. పైన ఏ రంగు వచ్చింది, తుంచితే పక్కలు ఎలా విడిపోయాయి, రెండూ నాకు రాయండి. అక్కడినుంచి మిగతావి సరిచేద్దాం.